బర్రెల కొట్టానికి బందోబస్తు

దొంగల మీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్ల పని వాళ్లది. రాత్రిపూట వస్తారు, చేతికందింది మోసుకుపోతారు, ఇంట్లోవాళ్ల నిద్ర మాత్రం చెడగొట్టరు. నా గోడంతా ఆ దొంగల్ని పట్టిస్తామని పట్టపగలు గేటు తోసుకుని వచ్చి, ఇంటిల్లిపాదికీ రాత్రిళ్లు జాగారం చేయిస్తున్న తెల్లటి ప్లాస్టిక్ డబ్బీల గురించి. కనుక రంగారెడ్డి జిల్లా నార్సింగి వాస్తవ్యుడు, ఆస్తిపన్ను గడువులోగా కట్టే అరుదైన మనిషి, నాలుగు ముర్రా బర్రెల యజమాని అయిన ఈ దిగువ సంతకందారు సంబంధిత అధికారులందరికీ, ఎవరు సంబంధితులో తెలియదు కాబట్టి అందరికీ, విన్నవించుకునేదేమనగా:

మా ఇంటి వెనక దొడ్లో మూడు కట్టడాలున్నాయి. మొదటిది రేకుల కొట్టం, అందులో బర్రెలుంటాయి. రెండోది తవుడు, పత్తిచెక్క, ఎండుచొప్ప పెట్టుకునే గది. మూడోది బోరు మోటారు గది; అందులో స్టార్టర్ డబ్బా, కేబులు చుట్ట, కాలిపోయిన పాత మోటారు ఒకటి, ఎప్పటికైనా పనికొస్తుందని మా నాయన దాచిన సామాను మరికొంత. ఈ మూడింటికి మూడు వైపులా టవర్లు లేచాయి. నాలుగో వైపు కూడా లేవబోతోందని పునాది గుంత చెబుతోంది. పైనుంచి చూసేవాళ్లకు మా దొడ్డి పార్కులా కనిపిస్తుందట. ఫ్లాటు అమ్మేవాళ్లు దాన్ని ‘గ్రీన్ వ్యూ’ అని చూపించి అడుగుకు కొంత ఎక్కువ వసూలు చేస్తున్నారని విన్నాను. అందులో మా బర్రెలకు వాటా ఏమీ రాలేదు.

ముందు ఆస్తి విలువ తేల్చుకుందాం, ఎందుకంటే సెన్సర్ అమ్మవచ్చిన ప్రతి కుర్రాడూ మొదట అడిగేది అదే. పక్కనున్న కోకాపేట నియోపొలిస్‌లో 2023 ఆగస్టు వేలంలో ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం 2 లక్షల 8 వేల పైచిలుకు. పెద్ద బర్రెకు కప్పు కింద 4 చదరపు మీటర్ల జాగా ఉండాలని పశుపోషణ పుస్తకాలు చెబుతాయి. గజాల్లో అయితే అయిదుకు కొంచెం తక్కువ. కోకాపేట రేటు కడితే బర్రె పడుకున్న జాగా పది లక్షలు. దాని మీద పడుకున్న బర్రె లక్షన్నర. ఇంత తేడా ఉండగా దొంగ బర్రెను తోలుకుపోయి జాగాను వదిలేస్తున్నాడంటే పాపం అతనికి లెక్కలు రావనే అర్థం. లెక్కలొచ్చినవాళ్లు రాత్రిపూట రారు. పగలే, మడత నలగని చొక్కాలో, కాగితాలు పట్టుకుని వస్తారు. వాళ్లను పసిగట్టే సెన్సర్ ఏ కంపెనీ దగ్గరా లేదు, అడిగి చూశాను.

నిజానికి చిన్న దొంగకు బర్రె కూడా అక్కర్లేదు. అతని కన్ను రాగి మీద. పొలాల దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి, నూనె ఒలకబోసి, లోపలి రాగి చుట్ట ఎత్తుకుపోవడం తెలంగాణలో వ్యవసాయం చేసినవాళ్లందరికీ తెలిసిన దొంగతనం. బోరు కేబులు కోసుకుపోయి, రబ్బరు కాల్చి, రాగి తీగ తూకానికి అమ్ముకుంటారు. మా మోటారు గది తాళం ఎవరో గడ్డపారతో పెకలించబోయి, సగంలో మానుకుపోయిన గుర్తులు తలుపు మీద ఇంకా ఉన్నాయి. అవి చూశాకే మా మేనల్లుడు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తీర్మానం చేశాడు: “మామా, ఇగ తాళాలు కాదు, సెన్సర్లు పెట్టాలె.” చట్టం కూడా అతని వైపే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్‌లో మనుషులుండే ఇంటితోపాటు సొత్తు భద్రపరిచే కట్టడం కూడా ఉంది. అందులో దొంగతనానికి ఏడేళ్ల దాకా జైలు. అంటే చట్టం దృష్టిలో మా తవుడు గది, కోకాపేటలో యాభయ్యో అంతస్తు ఫ్లాటు ఒకే వరుసలో ఉన్నాయి. సెన్సర్ తయారుచేసినవాళ్ల దృష్టిలో మాత్రం కాదు.

వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడే. చేతిలో ట్యాబ్లెట్, మెడలో గుర్తింపు కార్డు. చెప్పులు గేటు దగ్గరే విడిచాడు, దొడ్లోకి రెండడుగులు వేశాక పొరపాటు తెలుసుకుని వెనక్కి పోయి తొడుక్కున్నాడు.

“కార్పెట్ ఏరియా ఎంత సార్?”

“కార్పెట్ లేదు బాబూ, పెండ ఉంది.”

ఆ వివరం రాసుకోవడానికి అతని ట్యాబ్లెట్‌లో గడి లేదు. ‘ఇతరములు’ అని నొక్కాడు.

మొదట తీసింది పీఐఆర్ అనే డబ్బీ. దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఫిర్యాదులో మొదటి ముద్దాయి అదే. ఇది తన నుంచి ఏ కిరణాన్నీ పంపదు. వేడి ఉన్న ప్రతి ఒంటి నుంచీ పరారుణ కిరణాలు వస్తూనే ఉంటాయి. మనిషి ఒంటివి తొమ్మిది పది మైక్రాన్ల పొడవు. డబ్బీ మొహాన ఉన్న గీతల ప్లాస్టిక్ కటకం ఎదుటి జాగాను విసనకర్ర మడతల్లాగా పట్టీలు పట్టీలుగా విడగొడుతుంది. లోపల పక్కపక్కన రెండు చిన్న పలకలు, ఒకదానిది ప్లస్, ఒకదానిది మైనస్. గదంతా ఒక్కసారిగా వేడెక్కితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఊరుకుంటాయి. వేడి ఉన్నది ఏదైనా పట్టీలను దాటుతూ పోతే మొదట ఒకదాని మీద, తర్వాత రెండోదాని మీద పడుతుంది. అప్పుడు గోల. అందుకే డబ్బీ ముందు అడ్డంగా నడిచేవాణ్ణి ఇట్టే పట్టుకుంటుంది. నేరుగా తన మొహం మీదికే వచ్చేవాణ్ణి గమనించడానికి కొంచెం తటపటాయిస్తుంది. దొంగ మర్యాద తెలిసినవాడై అడ్డంగా నడవాలన్నమాట.

సరే, అంతవరకూ బాగానే ఉంది. చిక్కెక్కడంటే, మనిషికీ వెనకున్న గోడకూ వేడిలో తేడా ఉంటేనే దీనికి మనిషి కనిపిస్తాడు. మన చర్మం వేడి 33, 34 డిగ్రీలు. చలిదేశంలో కట్టెల షెడ్డులోకి దొంగ దూరాడంటే మంచు పట్టిన గోడ ముందు నిప్పుకణికలా వెలుగుతాడు. నార్సింగిలో మే నెల, రాత్రి తొమ్మిది, పగలంతా కాలిన రేకు: గోడా, దొంగా, గాలీ ఒకే వేడిలో ఉంటాయి. దొంగ గోడలో కలిసిపోతాడు. దీనికీ మందుందన్నాడు కుర్రాడు. వేడి పెరిగేకొద్దీ డబ్బీ తనంత తానే సున్నితత్వం పెంచుకుంటుందట. పెంచుకుంది, నిజమే. పెంచుకున్న సున్నితత్వంతో మొట్టమొదట పట్టుకున్న నేరస్థురాలు కటకం మీద గూడు కట్టుకుంటున్న సాలెపురుగు.

“మరి బర్రెలు కదిలితే?”

“పెట్ ఇమ్యూన్ మోడల్ ఉంది సార్. ఇరవై అయిదు కిలోల దాకా జంతువును పట్టించుకోదు.”

“మా బర్రె అయిదు వందల కిలోలు. ఇరవై డబ్బీలు పెడితే సరిపోతుందా?”

పాపం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచాడు.

ఆ ఇరవై అయిదు కిలోల కథ కూడా విన్నాను. డబ్బీ దగ్గర కాటా ఏమీ లేదు. నేల మీద తక్కువ ఎత్తులో, తక్కువ వేడితో కదిలేదాన్ని చిన్న జంతువని అనుకుంటుంది, అంతే. మా పిల్లి నేల మీద నడిచినంతసేపూ పిల్లే. చొప్ప కట్టల మీదికెక్కి, డబ్బీకి ఎదురుగా ఒళ్లు విరుచుకుందా, కంప్యూటర్ లెక్కలో మనిషైపోతుంది.

ఆ తర్వాత నడక పరీక్ష. డబ్బీని ఏడెనిమిది అడుగుల ఎత్తున గుంజకు బిగించి, “దొంగలాగా నడవండి సార్” అన్నాడు. నేను ఏ దొంగలాగా నడవాలో అడగకుండానే లుంగీ ఎగ్గట్టి కొట్టం ఈ చివర నుంచి ఆ చివరకు వంగి నడిచాను. ఎర్ర దీపం వెలగలేదు. ఇంకొంచెం దొంగగా నడిచాను. వెలగలేదు. నాలుగు బర్రెలూ నెమరు ఆపి నన్నే చూస్తున్నాయి. వాటి మొహాల్లో అలాంటి జాలి నేను మునుపు చూడలేదు. చివరిదానికి ఈగ వాలినట్టుంది, తోక విసిరింది. కొసన ఎండిన పెండ ముద్ద ఉన్న తోక గాలిలో ఇలా అర్ధచక్రం తిరిగిందో లేదో దీపం ఎర్రగా వెలిగింది. “చూశారా సార్, పనిచేస్తోంది!” అన్నాడు కుర్రాడు. కుడితి బకెట్ పట్టుకుని నిలబడ్డ మా పాలేరు అప్పటిదాకా ఏమీ అనలేదు. “దొంగ రాకముందే గిట్ల మొత్తుకుంటే, వచ్చిననాడు దీనికి గొంతు పోతదేమో పటేలా” అని బకెట్ దించాడు. ఆ రోజు ఆ దొడ్లో వినిపించిన సాంకేతిక అభిప్రాయాల్లో అదొక్కటే లెక్కలోకి తీసుకోదగ్గది.

అయితే రెండు రకాల చూపు ఉన్నది పెట్టుకుందామన్నాడు. పీఐఆర్ పక్కనే మైక్రోవేవ్ కూడా ఉంటుంది. అది అలలు పంపి, కదిలేదాన్ని తాకి తిరిగొచ్చినప్పుడు వాటి పౌనఃపున్యంలో మార్పు పట్టుకుంటుంది. రోడ్డు మీద వాహనాల వేగం కొలిచే తుపాకీలో ఉండేదీ ఈ ఉపాయమే. వేడీ కదలికా రెండూ ఒకేసారి ఒప్పుకుంటేనే అలారం. ఖాళీ గదిలో ఇది మంచి ఏర్పాటే, కాదనను. పీఐఆర్ ఒంటరిగా మోసపోయే ఎండ తునక, వేడిగాలి, సాలెపురుగు దీని దగ్గర సాగవు. గాలికి దడదడలాడే రేకు కదులుతుంది గానీ దానికి ఒంటి వేడి ఉండదు. మా బర్రె మాత్రం వేడిలోనూ కదలికలోనూ రెండు పరీక్షలూ ఫస్టు క్లాసులో పాసైంది.

కంపన సెన్సర్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. గోడకు కన్నం వేస్తే, తాళం పగలగొడితే ఆ అదురును బట్టి మోగుతుంది. మా కాళ్ల కింద ఉన్నది 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు. ఆ రాతిలో నాలుగంతస్తుల సెల్లారు తవ్వాలంటే మందు పెట్టి పేల్చాల్సిందే. సైరను, ఈల, ఢామ్మని మోత, మా కిటికీ అద్దాల గలగల, వెంటనే మా కంపన సెన్సర్. అది మోగకుండా దాని సున్నితత్వం మరను తగ్గించాం. తగ్గించిన మర మీద నేనే గడ్డపార తెచ్చి మోటారు గది గోడను ఒకటి పీకాను. సెన్సర్ కిమ్మనలేదు. పాపం, ఇంకా పెద్ద మోతలకు అలవాటుపడిపోయింది.

పరారుణ కిరణాల కంచె ఇంకా అందంగా ఉంటుంది. దొడ్డి ఈ మూల నుంచి ఆ మూలకు కంటికి కనపడని గీత. ఎవరైనా దాటితే తెగి మోగుతుంది. పిట్టలకు మోగకూడదని రెండు గీతలు ఒకదానిమీదొకటి పెట్టి, రెండూ కలిసి తెగితేనే అలారం అన్నారు. తెలివైన ఆలోచనే. తయారుచేసినవాళ్లు పిచ్చుకను దృష్టిలో పెట్టుకున్నారు. గండిపేట వైపు నుంచి వచ్చే మా నెమలిని చూడలేదు. తోకే అయిదడుగులు. ఆ తోక వేసుకుని ఠీవిగా గోడ దిగుతుంటే రెండు గీతలేమిటి, నాలుగున్నా తెగుతాయి. దాన్ని అదిలించడానికి కూడా ఆలోచించాలి: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జాతీయ పక్షి. నేను దాని మీద కేసు పెట్టలేను, దాని తరఫున నా మీద పెట్టడానికి మాత్రం చాలామంది ఉన్నారు. నెమలి లేనిరోజు నేపియర్ గడ్డి ఉంది. ఒక మంచి వాన పడితే చాలు, కిరణానికి అడ్డం వచ్చేదాకా పెరుగుతుంది. బర్రెల కోసం గడ్డి కోయాలా, కిరణం కోసం కోయాలా అన్నది మా ఇంట్లో ఇంకా తేలని చర్చ.

ఇక్కడ గోల్కొండ సంగతి ఎత్తకపోతే ఈ ఊరివాణ్ణే కాను. మాకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోనే దేశమంతా వచ్చి చప్పట్లు కొట్టిపోయే అలారం ఉంది. ఫతే దర్వాజా దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే కిలోమీటరు అవతల, కొండ మీద బాలా హిసార్‌లో వినిపిస్తుంది. బ్యాటరీ లేదు, సిమ్ లేదు, వార్షిక నిర్వహణ ఒప్పందం లేదు. ఔరంగజేబు సైన్యం 1687లో ఎనిమిది నెలలు ఆ కోటను ముట్టడించింది. ఒక రాత్రి మొగలు సైనికులు చప్పుడు కాకుండా గోడకు నిచ్చెనలు వేసుకుని ఎక్కుతుంటే, ఒక ఊరకుక్క పసిగట్టి మొరిగింది. కావలివాళ్లు లేచి వచ్చి నిచ్చెనలు తోసేశారు. గోల్కొండ సుల్తాను తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు, జరీ బట్ట బహుమానంగా ఇచ్చాడని ఆనాటి చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. తన ఉద్యోగం తాను సరిగ్గా చేసినందుకు సెన్సర్‌కు సన్మానం జరిగిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

అంత గుమ్మటమూ అంత కుక్కా ఉండి కోట ఎలా పడింది? సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు లంచం తీసుకుని లోపలి నుంచి తలుపు తీశాడు. ఈ కథ నేను కుర్రాడికి పూర్తిగా చెప్పాను. శ్రద్ధగా విని, “అందుకే సార్, మా ప్యానెల్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది” అన్నాడు. ఉంది. 1234. మార్చుకోమన్నాడు గానీ ఎలా మార్చాలో రాసున్న పుస్తకం చైనా భాషలో ఉంది. ప్రస్తుతం ఆ అంకె మా ఇంట్లోవాళ్లకు, పాలేరుకు, పాలు పోయించుకునేవాళ్లకు, చొప్ప బండి తోలేవాడికి తెలుసు. అబ్దుల్లా ఖాన్‌కు కనీసం లంచం ఇవ్వాల్సి వచ్చింది.

చిరుతపులి గురించి కూడా అడుగుతున్నారు, అందుకని చెబుతున్నాను. 2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, కాటేదాన్ దగ్గర హైవే మీద పట్టపగలు ఒక చిరుత పడుకుని అందరికీ దర్శనమిచ్చి తప్పించుకుపోయింది. అక్టోబరులో రాజేంద్రనగర్ దగ్గర బోనులో పడేదాకా ఆ చుట్టుపక్కల ఫాంహౌస్‌ల్లో దూడలున్నవాళ్లకు నిద్ర లేదు. అటవీశాఖవాళ్లు అలాంటివాటి కోసం చెట్లకు కట్టే కెమెరాల్లో ఉండేది కూడా ఇదే పీఐఆర్. అడవిలో మాత్రం దాని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. ఎందుకంటే అక్కడ దాని పని ఎవరొచ్చినా ఫొటో తీసుకుని ఊరుకోవడం. కుందేలు వస్తే కుందేలు, అడవిపంది వస్తే అడవిపంది. పొద్దున అధికారి తీరిగ్గా చూసుకుంటాడు. అదే డబ్బీకి సైరన్ తగిలించి, దొడ్లోకి తెచ్చి, దొంగను మాత్రమే పట్టమనడంతో మొదలైంది దాని పతనం.

సైరన్ అన్నాను కదా. దాని మోత 110 డెసిబెల్స్. శబ్ద కాలుష్య నియమావళి, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. దొంగ గోడ దూకితే ముప్పయి కూడా దాటడు. చట్టం ప్రకారం ఆ సమయంలో మా దొడ్లో పద్ధతిగా నడుచుకుంటున్నది అతనొక్కడే. పక్క టవర్ నివాసుల సంఘం ఈ నిబంధనను అక్షరాలా ఉటంకిస్తూ నాకొక లేఖ పంపింది. ఈ ప్రాంతానికి బర్రెలు ముందొచ్చాయా, టవర్లు ముందొచ్చాయా అన్న చర్చలోకి వాళ్లు పోలేదు. మా అంగడిలో పశువుల బేరాలు జరుగుతున్నప్పుడు ఆ టవర్ జాగాలో బండరాళ్లు, సీతాఫలం చెట్లు ఉండేవని జవాబు రాద్దామనుకున్నాను. మా ఆవిడ వద్దంది. “పాలు పోయించుకునేది వాళ్లే గద.”

సైరన్ ఆపి ఫోను పెట్టాం. ప్యానెల్‌లో సిమ్ ఉంటుంది. ఏదైనా కదిలితే వరుసగా కొన్ని నంబర్లకు ఫోన్ చేస్తుంది. మా మేనల్లుడు మొదటి నంబరు మా అమ్మాయిది పెట్టాడు. ఆమె ఉండేది డాలస్‌లో. ఇదేం తెలివిరా అంటే అతని లెక్క అతను చెప్పాడు: ఇక్కడ రాత్రి రెండయితే అక్కడ వేసవిలో మధ్యాహ్నం మూడున్నర, మెలకువగా ఉండేది ఆమె ఒక్కతే. కాదనడానికి లేదు. ప్రపంచంలో ఎన్నో కంపెనీల రాత్రి కాపలా ఈ ఊరి పిల్లలు చేస్తున్నారు, మా కొట్టం కాపలా అమెరికాకు అప్పజెప్పితే తప్పేమిటి? దానికి తోడు కెమెరా కూడా వచ్చింది. ఒక రాత్రి ఫోన్ మోగింది.

“నాన్నా, కొట్టంల ఎవరో తిరుగుతున్నరు. లుంగీ ఎగ్గట్టిండు, చేతిల టార్చి ఉంది. మనిషి మంచోడు లెక్క కనిపిస్తలేడు. నూటపన్నెండుకు చేయుమంటవా?”

“వద్దు బిడ్డా. ఆయన నాకు తెలుసు.”

అలారం మోగిందని చూడ్డానికి నేను వెళ్తే, నన్ను చూసి మళ్లీ మోగుతోంది; మళ్లీ మోగిందని మళ్లీ వెళ్తున్నాను. ఈ చక్రం నుంచి బయటపడే మార్గం సిమ్ వాళ్లే చూపించారు. రీచార్జి గడువు తీరిపోయి, ప్యానెల్ మూగబోయింది. ఇప్పుడు దానికి వచ్చే ఫోన్లు మాత్రం వస్తున్నాయి, శంకర్‌పల్లిలో ప్లాట్లు కొనమని.

ఇన్ని విన్నపాల తర్వాత కూడా నేను యంత్రాలకు శత్రువును కాదని చెప్పుకోవాలి. డబ్బీలన్నింట్లో ఒక్కటి నాకు నచ్చింది. తలుపుకు పెట్టే మాగ్నెట్ కాంటాక్టు. తలుపు రెక్కకు అయస్కాంతం, చట్రానికి అగ్గిపుల్లలో సగం ఉండే గాజు గొట్టం. గొట్టంలో రెండు సన్నటి ఇనుప రేకులు. అయస్కాంతం దగ్గరుంటే రేకులు అతుక్కుని ఉంటాయి, తలుపు తెరుచుకుంటే విడిపోతాయి. 1936లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ అనే ఆయన కనిపెట్టాడు. ఇప్పటికీ పెద్దగా మార్చాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. దానికి వేడితో పనిలేదు, తోకతో పనిలేదు, నెమలిని చూడదు. అది అడిగేది ఒకటే: తలుపు తెరిచారా, లేదా? ఇలాంటి ప్రశ్నకే నేను కూడా జవాబు చెప్పగలను. కాకపోతే కొనేటప్పుడు రెండు చూసుకోవాలి. ఇళ్లల్లో కిటికీలకు పెట్టే చిన్న ప్లాస్టిక్‌ది వద్దు. వానకు ఉబ్బి ఎండకు కుదించుకునే మా చెక్క తలుపుకు ఆ సందు సరిపోక ఊరికే మోగుతుంది, ఇనుప తలుపైతే అయస్కాంత బలాన్ని సగం మింగేస్తుంది. దుకాణాల షట్టర్లకు పెట్టే బరువైన లోహపుది తీసుకోవాలి. రెండంగుళాల సందున్నా ఓర్చుకుంటుంది. రెండోది, వైరు. పశువుల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా రాగిని తినేస్తుంది, మిగిలినదాన్ని ఎలుక తింటుంది. గొట్టంలో వేసి, అతుకుల్ని మూతున్న డబ్బాలో పెట్టకపోతే ఏడాది తిరక్కుండా తెగుతుంది. వైరు లేనిది పెట్టుకుందామంటే కొట్టం రేకు గోడలు రేడియో అలల్ని అడ్డుకుంటాయి.

తవుడు గదికి తలుపుంది, మోటారు గదికి తలుపుంది. రెండింటికీ ఇవి పెట్టొచ్చు. మోటారు గదిలో జీవం ఉన్నదేదీ ఉండదు కాబట్టి ఒక పీఐఆర్ కూడా పెట్టొచ్చు, ఖాళీ గదిలో దానికి పరువు దక్కుతుంది. ప్యానెల్‌కు కరెంటు పోయినప్పుడు నడిచే 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దాన్ని మాత్రం మోటారు గదిలో పెట్టొద్దు, ఇంట్లో పెట్టండని కుర్రాడికి చెప్పాను. ఎందుకన్నాడు. దొంగకు తూకానికి పోసే సీసం మనమే అందించడం దేనికి?

మిగిలింది కొట్టం. దానికి తలుపే లేదు. మూడు పక్కల రేకు, ముందు వెదురు తడిక, లోపల నాలుగు వేడి ఒళ్లు రాత్రంతా కదులుతూ, నెమరేస్తూ, తోకలు విసురుతూ. అక్కడ మోగని యంత్రం లేదు, మోగితే నమ్మే మనిషి లేడు. కుర్రాడు దానికి కృత్రిమ మేధ ఉన్న కెమెరా ఒకటి ఉందని, అది బర్రెకూ మనిషికీ తేడా కనిపెడుతుందని, నెలనెలా చందా కట్టాలని చెప్పాడు. మా పాలేరుకు ఆ తేడా తెలుసు. అతనికి కూడా నెలనెలా కడుతున్నాను. పైగా అతను పాలు పితుకుతాడు.

కాబట్టి కొట్టం పక్కన అతని మంచం, మంచం కింద అతని కుక్క. కుక్కకు బంగారు గొలుసు సంగతి ఇంకా ఆలోచించలేదు. మిగతా రెండు గదులకూ షట్టర్ కాంటాక్టులు ఖాయం చేసి అడ్వాన్సు ఇచ్చాను. బిగించే మనిషి శనివారం వస్తానన్నాడు. ఏ శనివారమో చెప్పలేదు.